రెండు సగాల నల్ల పువాన్

మా ఊళ్ళో ముసలాళ్ళు చాలామంది మా మేనత్త జకుంగి నేసిన గుడ్డ కప్పుకునే మట్టిలోకి వెళ్ళారు. పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళేటప్పుడు నల్ల పువాన్, అంటే మా నేత దుప్పటి, ఒకటి వెంట పట్టుకెళ్ళాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా కన్నుమూస్తే దాన్నే కప్పాలి. మంచాలూ పెట్టెలూ గిన్నెలూ ఉంటే ఉన్నాయి, లేకపోతే లేదు. ఆ గుడ్డ లేకుండా మామగారు మట్టికి వెళ్ళాడంటే మాత్రం కోడలు బతికినన్నాళ్ళూ తలెత్తుకు తిరగలేదు. అలాంటి గుడ్డలు ఊరందరి కూతుళ్ళకీ నేసిపెట్టిన మనిషి, కన్నకూతురు సియామిని మాత్రం వట్టి చేతులతో వెళ్ళనిచ్చింది.

నేను జకుంగి తమ్ముడి కూతుర్ని. పేరు ఖుమి. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య వెదురు తడిక ఒక్కటే అడ్డు. అందుకని ఆమె తిట్లన్నీ ముందు నా చెవినే పడేవి. పొగాకు నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిట పట్టినంతసేపే మాకు శాంతి. అవి ఉమ్మేసిందంటే ఎవరికో మూడిందన్నమాటే. నేత నేర్చుకుందామని వచ్చిన పిల్లల్ని కూడా వదిలేది కాదు. "ఏమేవ్, ఇది గుడ్డా జల్లెడా? దీంతో పిండి జల్లించుకోవచ్చు" అనేది. అయినా వాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు, ఎందుకంటే చేయి పట్టుకుని నేర్పేది కూడా ఆమే.

ఆమె మగ్గానికి చట్రం లేదు, గుంట లేదు. పడుగు ఒక కొస వసారా స్తంభానికి, రెండో కొస ఆమె నడుముకు కట్టిన తోలు పట్టీకి. కాళ్ళు ముందున్న వెదురు బొంగుకు తన్నిపెట్టి, వెనక్కి వాలితే పోగులు బిగిసేవి, ముందుకు వంగితే వదులయ్యేవి. ఆమె కూర్చుంటే మగ్గం, లేస్తే వట్టి దారాలు. ఒక సగం నేసి, రెండో సగం నేసి, రెండింటినీ మధ్యలో కలిపి కుడితేనే ఒక పువాన్ అవుతుంది.

నేసిన గుడ్డల్ని మూత ఉన్న పాత వెదురు బుట్టలో దాచేది. నాలుగు కాళ్ళ బుట్ట, పొగకు నల్లబడి నిగనిగలాడేది. మా ఊళ్ళన్నీ సైన్యం ఖాళీ చేయించి రోడ్డు పక్కకి తరిమిన ఏడు, మిగతా ఆడవాళ్ళు బియ్యం మోసుకొస్తే ఈవిడ ఆ బుట్ట మోసుకొచ్చింది. అందులో అట్టడుగున పాత గుడ్డలో చుట్టిన చుట్ట ఒకటి ఉండేది. ఒకసారి తీసి చూడబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"అది నీకెందుకే?"

"చూస్తే అరిగిపోతుందా అత్తా?"

"చెయ్యి అరుగుతుంది. తియ్యి."

సియామి పైవీధిలో ఉండే ఛువానాను ఇష్టపడింది. ఛువానా జీపు నడుపుతాడు. తాగడు, ఆదివారం చర్చికి వచ్చి డోలు వాయిస్తాడు. వాడికి వంక పెట్టడానికి మా అత్తకే మాటలు దొరకలేదు. "వాడి సంగతి కాదు. ఆ గడప వద్దు" అనేది. ఎందుకు వద్దో చెప్పేది కాదు. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చూసీ చూసీ విసిగిపోయి, ఒక పొద్దున సియామి బట్టల మూట సర్దుకుని తనంతట తానే వాళ్ళింటికి వెళ్ళిపోయింది. మాలో అలా వెళ్ళడం కొత్తేమీ కాదు. తర్వాత పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు, అంతా సర్దుకుంటుంది. మా అత్త మాత్రం సర్దుకోలేదు.

"వెళ్ళనీ. ఆ ఇంటి చావుకి నా చేత్తో ఒక్క పోగు వెయ్యను" అని వీధంతా వినపడేలా అంది.

ఆ ఇంటి పెద్ద రోఛింగా, ఛువానా తండ్రి. ఆయన భార్య ఎప్పుడో పోయింది. ఆమె తెచ్చిన పువాన్ ఆమె మామగారితో పాటే మట్టిలోకి పోయింది. ఉన్నది ఒక్కడే కొడుకు, ఒక్కతే కోడలు. కాబట్టి ఆయన మీద గుడ్డ కప్పే బాధ్యత సియామిదే. ఆయన ఇంటి ముందు కూర్చుని వెదురు చీలుస్తూ బుట్టలు అల్లేవాడు. పొట్టి మనిషి, ఎప్పుడూ నోట్లో చుట్ట. నేను అటు వెళితే పిలవకుండా వదిలేవాడు కాదు.

"ఖుమీ, మీ అత్త ఎలా ఉంది?"

"నిక్షేపంలా ఉంది. తిడుతూనే ఉంది తాతా."

"అయితే ఒంట్లో బాగానే ఉన్నట్టే. నా గుడ్డ సంగతేమైనా కదిలిందా?"

"ఊహూ."

"చూడమ్మా, నాకేం? పొమ్మంటే ఇవాళే పోతాను. కానీ నేను పోతే కోడలి పరువు పోతుంది. మీ అత్త పుణ్యమా అని నాకు చావడానిక్కూడా వీల్లేకుండా పోయింది."

అలా అని నవ్వేవాడు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగేది. ఆ దగ్గు ఏడాదికేడాది లోతుకు పోతోందని వినేవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. లోపల గిన్నెలు తోముతున్న సియామి చేతులు ఆగిపోయేవి. బజార్లో నల్ల పువాన్‌లు దొరుకుతాయి, ఒకటి కొని పెట్టుకోమని పక్కింటావిడ సలహా ఇచ్చింది. సియామి ఒప్పుకోలేదు. "ఊరందరికీ నేసే మా అమ్మ ఉండగా బజారు గుడ్డ తెచ్చుకుంటే, ఆవిడ బతికుండగానే పోయినట్టు కాదూ?" అంది. తల్లి మొండితనం బిడ్డకు రాక ఎక్కడికి పోతుంది!

ఇల్లు విడిచి వెళ్ళాక సియామి మళ్ళీ పుట్టింటి గడప తొక్కింది కడుపుతో ఉన్నప్పుడే. పొగ పెట్టిన పంది మాంసం ఆకులో కట్టి తెచ్చింది. నేను అక్కడే దారం చుడుతున్నాను. మా అత్త తల ఎత్తలేదు. చెక్క బద్దతో పేకను టక్ టక్‌మని కొడుతూనే ఉంది.

"అమ్మా, నాకు కాదు. ముసలాయనకి."

"ముసలాయన నాకేమవుతాడు?"

"నీకేం కాకపోతే అంత కోపమెందుకు?"

"కాదన్నాను. పొద్దు పోతోంది, వెళ్ళు. మెట్లు చూసుకుని దిగు, పాచి పట్టి ఉన్నాయి."

సియామి మెట్లు చూసుకునే దిగింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ తేలేదు, పొట్ట పట్టుకుని వసారాలో కూలబడింది.

"నిన్ననే కాదన్నానుగా?"

"అన్నావు. అందుకే మళ్ళీ వచ్చా. మొదటిసారి ఎవరైనా కాదనే అంటారు."

చెక్క బద్ద ఆగింది. మా అత్త కూతురి వైపు తిరిగింది.

"ఆ మాట నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పేదేంటమ్మా? పిల్లనడగడానికి వెళ్ళినవాళ్ళు మన ఊళ్ళో ఒక్కసారికే తిరిగొచ్చేస్తారా?"

మా అత్త నోట్లోని పొగాకు నీళ్ళు వెదురు నేల సందులోంచి ఉమ్మేసింది. ఇక మూడిందనుకున్నాను. "అందరికీ తెలిసిన ఆ ముక్క ఒక్కడికి మాత్రం తెలియలేదు. ఖుమీ, నల్ల నూలు ఎంతుందో చూడు" అంది. సియామి మూతికి చేతులడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఏడుపు ఆపు, లోపలున్నది జడుసుకుంటుంది" అని కసిరింది మా అత్త.

పడుగు పోసే రోజుల్లో, ఎదురెదురుగా కూర్చుని పోగులు అందుకుంటూ ఉంటే, నేను అడక్కుండానే అసలు సంగతి చెప్పింది. ఆమె పడుచుగా ఉన్నప్పుడు పొద్దు వాలాక వయసు కుర్రాళ్ళు వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేవారట. వాళ్ళలో రోఛింగా ఒకడు. అందరికీ చుట్టలు చుట్టిచ్చేదట, ఆయనకు మాత్రం వెలిగించి ఇచ్చేదట. నాలుగు కాళ్ళ బుట్ట ఆయన అల్లి ఇచ్చిందే. ఆమె కూడా ఆ ఇంటికి పట్టుకెళ్ళే నల్ల పువాన్ మొదలుపెట్టింది. ఒక సగం అయింది. ఆయన తరఫు పెద్దమనుషులు వచ్చి అడిగారు.

"నువ్వేమన్నావత్తా?"

"ఏమంటాను? కాదన్నాను. అడగ్గానే ఔనంటే, ఎప్పుడెప్పుడా అని చూస్తోందనరూ? మళ్ళీ వస్తారు, అప్పుడు చూద్దాం అనుకున్నాను."

"వచ్చారా?"

"రాలేదు. వానలు వెళ్ళాక వాడు కిందూరి పిల్లను చేసుకున్నాడు."

బుట్టలో అట్టడుగున ఉన్న ఆ గుడ్డ చుట్ట ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. తర్వాత ఆమె మా మామయ్య వాన్‌థాంగాను చేసుకుంది, ఆ ఇంటికి వేరే పువాన్ నేసి పట్టుకెళ్ళింది, ఆయన పోయినప్పుడు దాన్నే కప్పింది. ఆయన విషయంలో ఏ లోటూ చెయ్యలేదు. మనసులో ఒక మూల మాత్రం సగం గుడ్డ అలాగే ఉండిపోయింది. దానికి కూతురి కాపురాన్ని బలిపెట్టబోయిందే అని నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఆ ముడతలు పడ్డ చేతులు పోగులు లెక్కపెడుతుంటే చూసి జాలి వేసింది. కోపమూ జాలీ ఒక మనిషి మీదే వస్తే ఏం చేస్తాం?

కొత్త పువాన్ రెండు సగాలూ అయ్యాయి. మధ్య కుట్టు కూడా అయింది. బొగ్గులాంటి నలుపు, అంచుల్లో ఎరుపూ పసుపూ ఆకుపచ్చా చారలు. ఆదివారం చర్చి అయ్యాక తనే స్వయంగా తీసుకెళ్ళి ఆ ఇంట్లో పెడతానంది. ఆ గడపలో కాలు పెట్టడం అదే మొదటిసారి అవుతుంది గనక, ఏ బట్ట కట్టుకోవాలా అని నన్ను రెండుసార్లు అడిగింది. నేను ఆటపట్టిస్తే సిగ్గుపడింది కూడా.

ఆ ఆదివారం రాలేదు. వానలు పట్టుకున్నాయి. సియామికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. రోడ్డు మలుపులో కొండచరియ విరిగి పడి, ఛువానా జీపు ఇవతలే నిలిచిపోయింది. ఊరి కుర్రాళ్ళు వెదురు డోలీ కట్టి, బురదలో ఆ చరియ మీదుగానే అవతలి ఊరి ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ముందు బొంగు ఛువానా భుజం మీదే ఉంది. అవతలి ఊరి మొదటి ఇళ్ళు కనపడేసరికి సియామి మాట్లాడటం మానేసింది. తల్లినీ పిల్లనూ ఒకే డోలీలో వెనక్కి తెచ్చారు. నా చెల్లెలి లాంటిది. దాన్ని ఎత్తుకుని పెంచిన చేతులివి, ఇప్పటికీ వానాకాలం వస్తే నాకు అన్నం సయించదు.

అలా మా అత్త ఆ ఇంట్లో మొదటిసారి కాలు పెట్టింది. మంచి బట్ట ఏదీ కట్టుకోలేదు, మగ్గం మీద కూర్చునే బట్టతోనే వచ్చింది. చంకలో కొత్త పువాన్. ఇల్లంతా జనం. ఆడవాళ్ళు పొయ్యి దగ్గర టీ కాస్తున్నారు, డోలు మెల్లగా మోగుతోంది, పాట సాగుతోంది. ఆమెను చూడగానే పాట ఆగిపోయింది. ఆమె పువాన్‌ను రోఛింగా చేతుల్లో పెట్టింది. "నీ కోడలు నీకు తెచ్చింది. ఆలస్యమైంది" అంది.

ఆయన మడత విప్పాడు. అంచు పట్టుకుని చూశాడు.

"నాదేనా ఇది?"

"నీదే."

"నాదైతే ఎవరికి కప్పాలో నా ఇష్టం" అని లేచాడు. వంగి, సియామి మీద, పక్కనున్న చిన్న మూట మీద కప్పాడు. గడ్డం దాకా లాగి, అంచులు సరిచేశాడు. "ఇన్నాళ్ళూ నేను ఇందుకోసం ఆగానమ్మా. నువ్వు ఎగరేసుకుపోయావు" అన్నాడు కోడలితో. అప్పటిదాకా రాయిలా ఉన్న మా అత్త అక్కడే నేల మీద పడి ఏడ్చింది. ఎంత పిలిచినా లేవలేదు.

ఆ తర్వాత ఆమె తిట్టడం మానేసింది. అంతకంటే భయపెట్టేది ఏముంటుంది? మగ్గం స్తంభానికి వేలాడుతూ ఉండిపోయింది. పోగుల మీద సాలీడు గూడు పెట్టింది. అల్లరి పిల్లలు కోళ్ళను తరుముతూ వసారాలోంచి పరిగెత్తినా ఒక్క మాట అనేది కాదు.

చలికాలం వచ్చేసరికి రోఛింగా మంచం పట్టాడు. మా మహిళా సంఘం వాళ్ళు వెళ్ళి, గుడ్డ గురించి దిగులు పడొద్దు, మేం చూసుకుంటాం అని మర్యాదగానే చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. "ఎరువు గుడ్డ కప్పుకుని పైకి పోతే, మా ఆవిడ అక్కడ గుమ్మంలోనే ఆపేస్తుంది. నా కోడలు గుడ్డ తెచ్చింది, నేను ఇచ్చేశాను, అంతే. నన్నిలాగే పంపండి" అన్నాడట. నేను వచ్చి మా అత్తకు చెప్పాను. వింది. లేచి, బుట్ట మూత తీసి, అట్టడుగు చుట్ట పైకి తీసింది.

"పద" అంది.

చుట్టను ఆ బుట్టలోనే పెట్టి, పట్టీ నుదుటికి తగిలించుకుని, తనే మోసుకుంటూ పైవీధికి ఎక్కింది. రోఛింగా మంచం మీద తల తిప్పి ముందు బుట్టనే చూశాడు.

"ఇది ఇంకా ఉందా?"

"నీకంటే గట్టిది."

పాత సగం తీసి ఆయన దుప్పటి మీద పరిచింది. నీలిమందు ఆకుతో వేసిన నలుపు ఒక్క రవ్వ పోలేదు. ఆయన వేళ్ళు దాని మీద అటూ ఇటూ తిరిగాయి. అది ఎవరికోసం మొదలైందో ఆయనకు చెప్పక్కర్లేకపోయింది.

"నువ్వు కాదన్నావుగా, జకుంగీ."

"మొదటిసారే ఔనంటుందా ఆడపిల్ల? ఇంకోసారి మనుషుల్ని పంపితే నీ సొమ్మేం పోయేది?"

"మా నాన్న వెళ్దామన్నాడు. నేనే ఆపాను. జకుంగి మాటంటే మాటే, మళ్ళీ అడిగితే చులకన చేసినట్టు ఉంటుందన్నాను."

మా అత్త ఆ పాత సగాన్ని మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయనే అన్నాడు:

"రెండో సగం ఎప్పటికవుతుంది?"

"నడుం పట్టేసింది. మెల్లగా అవుతుంది. నువ్వు తొందరపడకు."

"నేనెప్పుడు తొందరపడ్డాను? ఆ పని చేసుంటే బాగుండేది."

మర్నాడు సాలీడు గూడు దులిపి పడుగు పోసింది. చెక్క బద్ద టక్ టక్ మళ్ళీ వినపడింది. నడుముకు పట్టీ బిగిస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నేను నేస్తానంటే, "నీ చెయ్యి వేరు, ఇది నా చేత్తోనే అవ్వాలి" అనేది. పూర్వంలా బిగించి లాగలేకపోయింది, నేత వదులుగా వస్తోంది. ఆ జల్లెడ మాట ఎవరికో కాదు, తనకే వర్తిస్తుందని తనే అనుకుంది ఒకసారి. పైవీధి నుంచి ఎవరు దిగి వచ్చినా, "ఉన్నాడా?" అని అడిగేది. ఉన్నాడంటే మళ్ళీ వంగేది.

ఒక పొద్దున ఊరి మైకులో చావు కబురు చెబుతూ రోఛింగా పేరు చదివారు. మా అత్త చెయ్యి ఆగలేదు, ఆ వరస చివరిదాకా నేసింది. ఇంకా బెత్తెడు మిగిలి ఉంది. కత్తి తెచ్చి పడుగు కోసెయ్యమంది. నేను కత్తిని పోగుల మీద పెట్టి ఆగాను. "కొయ్యవే, మనిషి ఎదురుచూస్తున్నాడు" అంది.

అక్కడికి వెళ్ళేసరికి ఆయన్ను పడుకోబెట్టారు. కుర్రాళ్ళు గొయ్యి తవ్వడానికి వెళ్ళారు. తల దగ్గర భార్య కూర్చునే చోటు ఖాళీగా ఉంది, భార్య లేదు గనక. మా అత్త నేరుగా వెళ్ళి ఆ చోట్లో కూర్చుంది. రెండు సగాలూ ఒళ్ళో పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చి, అందరి ముందూ కుట్టడం మొదలుపెట్టింది. డోలు మోగుతూనే ఉంది. ఒక సగం బిగువైన నేత, పడుచు చేతులది. రెండోది వదులు నేత, ముసలి చేతులది. ఆమె ఈడు ఆడవాళ్ళు ముందుకు వంగి ఆ గుడ్డనూ ఆమెనూ చూశారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

కుట్టు అయ్యాక కప్పింది. కాళ్ళ దగ్గర కొత్త సగం బెత్తెడు తక్కువైంది. "ఫర్వాలేదు, పొట్టి మనిషేగా" అంది. అనేసి, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి తీయలేదు.

సంఘం పెద్దావిడ ఒకామె, బయటి మనుషులు ఆ చోట్లో కూర్చోకూడదని చెప్పడానికి కాబోలు, లేవబోయింది. పక్కనున్న ముసలావిడ ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది. ఛువానా పొయ్యి దగ్గర్నుంచి బెల్లం టీ తెచ్చి, వంగి, "అమ్మా, తాగు" అని ఆమెకు మొదట ఇచ్చాడు. ఆమె కప్పు అందుకుంది. తల దగ్గరి చోట్లోంచి మాత్రం కదల్లేదు. మేమెవ్వరం కదలమనలేదు.